జరిమానా రసీదు డ్రైవింగు నేర్పదు

అమెరికాలోని కాలిఫోర్నియాలో చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘనకు దొరికిన డ్రైవరు కోర్టు అనుమతితో ట్రాఫిక్ స్కూలు, అంటే సురక్షితంగా బండి నడపడం నేర్పే చిన్న కోర్సు, పూర్తిచేస్తే ఆ తప్పు బీమా కంపెనీ కంట పడదని, ఈ వెసులుబాటు 18 నెలలకు ఒక్కసారే దక్కుతుందని ట్రాఫిక్ స్కూళ్ల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. మన మోటారు వాహనాల చట్టంలోనూ, 2019 సవరణ తరువాత, అనర్హత వేటు పడిన లైసెన్సును తిరిగి పొందాలంటే పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాలనే నిబంధన 19వ సెక్షన్‌లో చేరింది. ఆ శిక్షణను మా కోనసీమ రోడ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించాలని గట్టిగా కోరుతున్నాను.

కాలువ గట్టు మీది రోడ్డుకు ఒకవైపు నీళ్లు, మరోవైపు పల్లపు చేను ఉంటాయి. ఎదురుగా లారీ వస్తే దిగడానికి మార్జిను ఉండదు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, చీకటి పడగానే నల్ల బరకం కప్పి వెళ్లిపోతారు. ముందు పోతున్న కొబ్బరికాయల ట్రాక్టరుకు చాలాసార్లు వెనక లైటే ఉండదు. ఎదుటి హెడ్‌లైటు కళ్లలో పడిన ఆ క్షణంలో ఏం చేయాలో వెయ్యి రూపాయల రసీదు ఎవరికీ నేర్పలేదు, నేర్పదు కూడా.

అయితే తరగతులు తెలుగులో జరగాలి, ఆటో, ట్రాక్టరు డ్రైవర్లకు ఆ రోజు కిరాయి పోకుండా అమలాపురం, రాజోలు వంటి దగ్గరి ఊళ్లలోనే పెట్టాలి. హాజరు సంతకం తీసుకుని పంపేయకుండా, చివర రోడ్డు మీద నడిపించి చూడాలి.