దూరవిద్యలోని దూరం గారికి

మహారాజశ్రీ దూరం గారికి,

దేవరకొండ నుంచి మీ విద్యార్థిని నమస్కరించి రాయునది. నేను క్షేమం. నా మెమో క్షేమసమాచారాలు మీకే తెలియాలి.

డిగ్రీ పాసయ్యాను. కానీ మెమోలో మా నాన్న పేరు చివర ‘అయ్య’ పోయి ‘అమ్మ’ వచ్చి చేరింది. ఇంట్లో మా అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. దిద్దించుకుందామని గురువారం బట్టల దుకాణంలో సెలవు పెట్టి నల్లగొండ వచ్చాను. “ఇక్కడ ఆదివారమే పని, అప్పుడు రండి” అన్నారు. ఆదివారం వచ్చాను. “ఆదివారం తరగతులు మాత్రమే. ఆఫీసు పనికి మామూలు రోజుల్లో రావాలి” అన్నారు. నిన్న, మంగళవారం, మళ్లీ వచ్చాను. మధ్యాహ్నం రెండింటి దాకా కిటికీ ముందు నిలబెట్టి, సంతకం పెట్టే సారు వేరే ఊళ్లో పరీక్షల డ్యూటీలో ఉన్నారని చెప్పారు. పొద్దున పదింటికే వాళ్లకు తెలిసిన సంగతి!

పోను రాను వంద కిలోమీటర్లకు పైమాటే. జీరో టికెట్టు పుణ్యమా అని ఛార్జీ పడలేదు. జీతంలో కోతకు జీరో టికెట్టు ఎవరిస్తారు?

అసలు నిన్ను తగ్గించడానికే కదా ఈ చదువు పుట్టింది? 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో తెరిచినా, 1985లో ఇందిరాగాంధీ పేరుతో ఢిల్లీలో మరొకటి పెట్టినా, కాలేజీ గడప తొక్కలేని వాళ్ల గడపకు పాఠం చేర్చడానికే. మామూలు విశ్వవిద్యాలయాలూ దూరవిద్యా విభాగాలు పెట్టుకున్నాయి. వీటిలో నేను చేరింది ఎక్కడో చెప్పను. చెబితే మెమో ఇంకా ఆలస్యమవుతుంది. పాఠం ఇంటికొచ్చింది, నిజమే. సంతకం ఎందుకు రాదు? నాన్నను నాన్న అని రాయడానికి నేనెన్నిసార్లు బస్సెక్కాలి? సిగ్గులేదా నీకు?

పుస్తకాలు పరీక్షకు వారం ముందు అందిన సంగతి వదిలేస్తున్నాను. “రెగ్యులరా, డిస్టెన్సా?” అని కనుబొమ్మలెగరేసే ఉద్యోగాల వారికి, రెండు డిగ్రీలూ సమానమేనని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ చెప్పిన మాట ఎప్పటికి చేరుతుందో!

తిట్టాను కానీ, నువ్వు లేకపోతే నాకు డిగ్రీ లేదు. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసి నీ దగ్గరికొచ్చాను. ఆదివారం తరగతుల్లో అంగన్‌వాడీ టీచరు, హోంగార్డు, కండక్టరు అక్క, నేను ఒకే బెంచీ. సద్దులు విప్పితే నాలుగిళ్ల పచ్చళ్లూ కలిసేవి.

నిన్న తిరుగు బస్సులో ఆ అక్కే డ్యూటీలో ఉంది. కొండమల్లేపల్లి దాటాక పక్కన కూర్చుని, “చెల్లెమ్మా, మెమో ఇచ్చారా?” అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. తన మెమోలో పుట్టిన సంవత్సరం తప్పు పడిందట. లెక్క ప్రకారం ఆమె కొడుకు ఆమెకన్నా రెండేళ్లు పెద్ద.

శుక్రవారం ఆమెకు సెలవు. ఇద్దరం కలిసి వస్తున్నాం.