చెవి పరీక్ష ఎప్పుడు?

బడిపిల్లల కళ్లకు పరీక్షలు చేయించాలన్న ఆలోచన తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ కంటి వెలుగు ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లద్దాలు పంచింది. 2019 అక్టోబరులో అనంతపురంలో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగు తన తొలి దశను బడిపిల్లలకే కేటాయించింది. అమలులో లోటుపాట్లు ఎన్నయినా చెప్పుకోవచ్చు గాని, నల్లబల్ల మీది అక్షరం కనిపించని పిల్లకు పాఠం అందదన్న సంగతిని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకొని డబ్బు కేటాయించాయి. టీచరు మాట వినపడని పిల్లకు కూడా పాఠం అందదు. ఆ పిల్ల కోసం ఇంతవరకూ ఆ స్థాయి కార్యక్రమం ఒక్కటీ రాలేదు. వచ్చే విద్యాసంవత్సరం నుంచైనా రెండు రాష్ట్రాలూ ప్రతి బడిలో వినికిడి పరీక్ష చేపట్టాలి. అంతకంటే ముందు, పరీక్షలో లోపం తేలిన పిల్లలకు ఏం చేయబోతున్నారో పక్కాగా రాసుకోవాలి.

చూపు తగ్గిన పిల్లవాడు కళ్లు చికిలించుకుంటాడు, బోర్డు దగ్గరికి జరుగుతాడు, పక్కవాడి నోటుబుక్కులోకి తొంగిచూస్తాడు కాబట్టి ఎవరో ఒకరు గమనిస్తారు. వినికిడి తగ్గిన పిల్లవాడు అలాంటి ఆనవాళ్లేమీ ఇవ్వడు. వాడికి శబ్దం వినపడుతూనే ఉంటుంది, పిలిస్తే తల తిప్పుతాడు, బడిగంట మోగితే అందరితోపాటు లేస్తాడు. వాడికి అందకుండా పోయేది మాటలోని హల్లులు. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో బలంగా పలుకుతాయి. స, శ, ప, త, క లాంటి ధ్వనులు ఎక్కువ పౌనఃపున్యంలోనో, చాలా సన్నగానో ఉండి ముందుగా జారిపోతాయి. అందుకే టీచరు చెప్పి రాయించేటప్పుడు ‘కట్ట’ అన్నది ‘తట్ట’ అవుతుంది, ‘సీత’ అన్నది ‘పీత’ అవుతుంది. టీచరు ఎదురుగా నిలబడి చెబితే పెదవుల కదలికను బట్టి కొంత పోల్చుకునే పిల్లవాడు, ఆమె బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పగానే దారి తప్పుతాడు. ఆ తప్పుల దస్తూరీని చూసి మన బళ్లు ఇచ్చే తీర్పు ఒక్కటే, పరధ్యానం. మొద్దు అనో, పెంకి అనో ముద్ర పడ్డ పిల్లల్లో ఎందరు నిజానికి సగం పాఠమే విన్నారో ఎవరూ లెక్కగట్టలేదు.

ఒక చెవి మాత్రమే పోయిన పిల్లల సంగతి మరీ కనిపించదు. ఇంట్లో ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు తేడా తెలియదు. నలభై మంది పిల్లల సందడిలో మాట ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేకపోవడం, వినపడని వైపు కూర్చున్నవాడు అన్నది అందకపోవడం బడిలోనే బయటపడాలి. గవదబిళ్లలు వచ్చి తగ్గిన తర్వాత కొద్దిమంది పిల్లలకు ఒక చెవి పూర్తిగా పోతుంది. జాతీయ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తట్టుకు, రుబెల్లాకు టీకా ఉంది గాని గవదబిళ్లలకు లేదు.

పిల్లల్లో వినికిడి లోపాలకు దారితీసే కారణాల్లో దాదాపు 60 శాతం నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పల్లె బడిలో టార్చి వేసి చూస్తే ఆ మాట అర్థమవుతుంది. గుబిలి గట్టిపడి దారి మూసుకుపోయిన చెవులు, ఏడాదికి నాలుగుసార్లు చీము కారి కర్ణభేరికి చిల్లు పడిన చెవులు, జలుబు తగ్గినా కర్ణభేరి వెనక జిగురు నీరు నిలిచిపోయిన చెవులు కనిపిస్తాయి. ఈ మూడో రకం నొప్పి పుట్టించదు కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మాట మాత్రం వేళ్లతో చెవులు మూసుకున్నట్టు మందంగా వినపడుతుంది. వీటికి తోడు మన ఇళ్లలోని సొంత వైద్యాలు ఉన్నాయి. చెవిపోటు అనగానే కాచిన నూనె పోయడం, పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గుబిలి తీయడం ఇంకా పోలేదు. పుట్టుకతో వచ్చే లోపాల విషయంలో మేనరికాల ప్రభావం తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. వాటిని బడి దాకా ఆగకుండా పుట్టిన తొలి నెలలోనే పట్టుకోవాలన్నది వైద్యుల మాట. ఆస్పత్రిలో పుట్టిన ప్రతి శిశువుకూ ఆ పరీక్ష జరుగుతోందని ధైర్యంగా చెప్పగల పరిస్థితి ఇక్కడ లేదు. బ్రిటన్‌లో బడిలో చేరే పిల్లలకు వినికిడి పరీక్ష ఇంకా అవసరమా అన్న చర్చ నడిచిన మాట నిజమే. పుట్టిన ప్రతి బిడ్డ చెవులనూ పరీక్షించే ఏర్పాటు ఉన్నచోట ఆ చర్చకు అర్థం ఉంది. దాన్ని అరువు తెచ్చుకుని మనం చేతులు ముడుచుకోవడం కుదరదు.

చట్టానికి, పథకాలకు కొదవ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బడిపిల్లలను అయిదేళ్లకోసారి సర్వే చేయాలని 17వ సెక్షన్‌లో చెప్పింది. వైకల్యం ముప్పు ఉన్నవారిని గుర్తించేందుకు పిల్లలందరినీ ఏడాదికి ఒకసారైనా పరీక్షించాలని 25వ సెక్షన్‌లో చెప్పింది. బధిరత్వ నివారణకు 2006-07 నుంచి ఒక జాతీయ కార్యక్రమం ఉంది. దేశంలో దాదాపు 6.3 కోట్ల మంది చెప్పుకోదగిన వినికిడి లోపంతో ఉన్నారన్న అంచనా దాని పత్రాల్లోనే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు లేదా ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే సంచార బృందాలు ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లకు ఏడాదికి ఒకసారి, అంగన్వాడీలకు రెండుసార్లు వెళ్లాలి. ఆ బృందాలు చూడవలసిన ముప్పై రకాల ఆరోగ్య సమస్యల్లో పుట్టు చెవుడు, వినికిడి లోపం, చెవిలో చీము ఉన్నాయి. అయితే వారి చేతికిచ్చే సామగ్రి జాబితా చూస్తే అసలు సమస్య తెలుస్తుంది. చూపు కొలవడానికి చార్టు ఉంది. చెవి దగ్గరికి వచ్చేసరికి గంట, గిలక్కాయ ఉన్నాయి. ఏడాది బిడ్డ తల తిప్పుతుందో లేదో చూడటానికి గిలక్కాయ పనికొస్తుంది. నాలుగో తరగతి పిల్లకు ‘త’ వినపడుతోందా, ‘క’ వినపడుతోందా అన్నది గిలక్కాయతో తేలదు. వెనక నిలబడి పేరు గుసగుసగా పిలవడం, శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి చెవి దగ్గర పెట్టడం కూడా ఆ పనికి చాలవు.

చేయవలసిన పరీక్ష కష్టమైనదేమీ కాదు. ఆడియోమీటర్ అనే చిన్న యంత్రం, దానికి తగిలించిన హెడ్‌ఫోన్లు చాలు. ఒక్కో చెవిలో 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యాల వద్ద 20 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) స్థాయిలో కూత వినిపిస్తే పిల్ల చెయ్యి ఎత్తాలి, అంతే. కూత ఎంత సన్నగా వినపడినా చెయ్యి ఎత్తవచ్చునని ముందుగా పిల్ల భాషలో చెప్పి, ఒకటి రెండుసార్లు ఆటలా చేయించి చూపిస్తే రెండు మూడు నిమిషాల్లో పని పూర్తవుతుంది. పరీక్ష చేసేవారి వేళ్లు పిల్లకు కనిపించకూడదు. బటన్ నొక్కడం చూసి చెయ్యి ఎత్తే గడుసువాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

కష్టమంతా గదితోనే. పరీక్ష జరిగే చోట మోత 40 డెసిబెల్స్ లోపు ఉండటం మంచిది. మన బళ్లలో అంత నిశ్శబ్దం దొరకడం అరుదు. ఒక పక్క రోడ్డు, ఒక పక్క మధ్యాహ్న భోజనం వండే గిన్నెల చప్పుడు, తలమీద కిర్రుమనే ఫ్యాను, గోడ అవతల ఎక్కాలు వల్లించే రెండో తరగతి ఉంటాయి. ఈ మోతలో పరీక్షించి, వినపడలేదన్న పిల్లలందరినీ ఆస్పత్రికి రాసేస్తే సగం మంది ఏ లోపమూ లేనివాళ్లే వెళ్తారు. ఆ తలనొప్పి ఎందుకని కూత స్థాయిని 35, 40 డెసిబెల్స్‌కు పెంచితే, పట్టుకోవలసిన పిల్లలే తప్పించుకుపోతారు. కాబట్టి ముందురోజే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, రోడ్డుకు దూరంగా ఉన్న గదిని ఎంచుకుని, ఫ్యాను ఆపి, పక్క తరగతిని చెట్టు కిందికి పంపి, ఇంటర్వెల్‌కు ముందే పని ముగించుకోవాలి. కూతలు మొదలుపెట్టే ముందు సరైన వినికిడి ఉన్న పెద్దవారు ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడు కూతలూ తమకు వినపడుతున్నాయో లేదో చూసుకుంటే ఆ గది పనికొస్తుందో లేదో తేలిపోతుంది. యంత్రాన్ని ఏడాదికి ఒకసారి సరిచూపించకపోతే అది చెప్పే 20 డెసిబెల్స్ 20 కావు.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. బళ్లు తెరిచాక వచ్చే రెండు మూడు నెలలూ ముసురు, జలుబుల నెలలు. అప్పుడు పరీక్షిస్తే చాలామంది తాత్కాలికంగా తప్పుతారు. అలాగని దసరా దాకా ఆగితే సగం చదువు గడిచిపోతుంది. జూలైలోనే మొదలుపెట్టి, తప్పినవారికి అదే రోజు హెడ్‌ఫోన్లు సరిచేసి మరోసారి చూసి, అప్పటికీ తప్పితే నాలుగైదు వారాల తర్వాత తిరిగి పరీక్షించి, ఆపైన మిగిలినవారినే వైద్యుడి దగ్గరికి పంపడం మధ్యేమార్గం. చెవిలో చీము ఉన్నవారికి, గుబిలి మూసుకున్నవారికి ఈ ఎదురుచూపు అక్కర్లేదు. పిల్లలందరినీ ప్రతి ఏడాదీ పరీక్షించే శక్తి మొదట్లోనే ఉండదు కాబట్టి ఒకటి, మూడు, అయిదు, ఎనిమిది తరగతులతో ప్రారంభించవచ్చు. టీచర్లకు అనుమానం ఉన్న పిల్లలు, ఏడాది మధ్యలో కొత్తగా చేరినవారు ఏ తరగతిలో ఉన్నా కలుపుకోవాలి. తక్కువ ఫీజుల ప్రైవేటు బళ్లలో చదివే కూలీల పిల్లలు, చిరుద్యోగుల పిల్లలు ఇప్పటి సంచార బృందాల దారిలో లేరు. వారిని వదిలేసి బడిపిల్లల కార్యక్రమం అనడం సరికాదు.

ఇంతా చేస్తే జరిగింది వడపోత మాత్రమే. ఇలాంటి కార్యక్రమాలు చాలాచోట్ల ఈ మెట్టు మీదే ఆగిపోతాయి. శిబిరం పెడతారు, ఫొటో దిగుతారు, ఇన్ని వేల మందిని పరీక్షించామని ప్రకటన ఇస్తారు. పిల్ల చేతికి ఒక చీటీ ఇచ్చి పెద్దాస్పత్రిలో చూపించుకోమంటారు. ఆసిఫాబాద్ నుంచో, పాడేరు మీది గూడేల నుంచో ఆ చీటీ పట్టుకుని హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రికో, విశాఖకో వెళ్లాలంటే తల్లిదండ్రుల్లో ఒకరికి రెండు రోజుల కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, వెళ్లిన రోజు డాక్టరు లేకపోతే మళ్లీ అదే ఖర్చు. బిడ్డకు నొప్పి లేదు, శబ్దం వినపడుతూనే ఉంది. అలాంటప్పుడు ఆ చీటీ ఇంట్లో దూలానికి గుచ్చి ఉండిపోతే తల్లిని తప్పుపట్టలేం. ఈఎన్‌టీ వైద్యుడు, వినికిడిని కొలిచే నిపుణుడైన ఆడియాలజిస్టు నెలకు ఒక రోజు మండల కేంద్రానికి రావాలి. పిల్లలను బడి నుంచే వాహనంలో తీసుకువెళ్లాలి. గుబిలి తీయడం, చీముకు మందులు ఇవ్వడం ఆ రోజే అక్కడే అయిపోవాలి. పరీక్షలో తేలే వాటిలో పెద్ద భాగం ఆ ఒక్క రోజు పనితోనే తీరిపోతుంది.

తీరనివారి విషయంలో మన నిబంధనలే అడ్డుపడుతున్నాయి. చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్‌కు పైగా లోపం ఉంటేనే వినికిడి వైకల్యం కింద లెక్క. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే కేంద్ర పథకం కింద చెవి మిషన్ ఇస్తారు. బడి పరీక్షలో కొత్తగా దొరికే పిల్లల్లో ఎక్కువమంది 35, 45 డెసిబెల్స్ వాళ్లు, లేదా ఒక చెవి వాళ్లు. పూర్తిగా వినపడని బిడ్డను తల్లి రెండేళ్లకే గుర్తుపడుతుంది. బడి పరీక్ష అవసరమైనది ఎవరికో, వారికే ప్రభుత్వ సాయం అందకుండా గీత గీశారన్నమాట. ఇది కావాలని చేసింది కాకపోవచ్చు. పింఛనుకు, రిజర్వేషన్‌కు గీసిన గీతనే చెవి మిషన్‌కు కూడా వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. బడి చదువుల కోసం నడిచే సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లలకు తలా ఏడాదికి రూ.3,500 చొప్పున కేటాయింపు ఉంది. ధ్రువపత్రంతో ముడిపెట్టకుండా, ఆడియాలజిస్టు రాసిన చీటీ చాలన్న నిబంధనతో, రాష్ట్రాలు తమ వాటా కలిపి ఒక నిధి పెడితే ఈ పిల్లలకు మిషన్లు ఇవ్వవచ్చు.

మిషన్ ఇవ్వడంతోనూ పని ముగియదు. బటన్ బ్యాటరీ వారం పది రోజులకు అయిపోతుంది. ఎదిగే పిల్లల చెవి కొలతతో మిషన్‌కు చేసిన అచ్చు కొన్నాళ్లకు వదులై కీచుమంటుంది. ఆ కీచు తరగతిలో నవ్వులాటగా మారిన రోజు నుంచి మిషన్ ఇంటి అటకెక్కుతుంది. బ్యాటరీలు ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలోనే దొరకాలి. అచ్చును ఏడాదికి ఒకసారైనా మార్చాలి. సహిత విద్య కోసం పనిచేసే రిసోర్స్ పర్సన్లు ఇప్పటికే మండలాల్లో ఉన్నారు. పరీక్ష చేయడంలోనూ, తర్వాత మిషన్ బాగోగులు చూడటంలోనూ శిక్షణ ఇవ్వవలసింది ముందుగా వారికి, ఏఎన్ఎంలకు. వారి పనిని జిల్లా సత్వర చికిత్స కేంద్రాల ఆడియాలజిస్టులు పర్యవేక్షించాలి. ఆ పోస్టులు ఖాళీగా ఉన్న జిల్లాల్లో కార్యక్రమం మొదలుపెట్టే ముందు వాటిని భర్తీ చేయాలి. మిషన్ కూడా సాయపడని పిల్లలకు సంజ్ఞా భాష తెలిసిన టీచరు కావాలి. మాట వస్తుందేమోనన్న ఆశతో ఏళ్లు గడిపి ఏ భాషా లేకుండా చేయడం వారికి జరిగే పెద్ద అన్యాయం.

టీచర్లకు చెప్పవలసింది కొంచెమే, అయినా చెప్పాలి. వినికిడి తగ్గిన పిల్లను ముందు వరుసలో మంచి చెవి తరగతి వైపు ఉండేలా కూర్చోబెట్టడం, రాస్తూ మాట్లాడకుండా తిరిగి మాట్లాడటం, అర్థమైందా అని అడిగే బదులు చెప్పింది తిరిగి చెప్పించడం చాలు. పరీక్ష ఫలితాన్ని బడి అసెంబ్లీలో అందరి ముందూ చదవకుండా తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి. చెవిటి అన్న మారుపేరు ఒకసారి అంటుకుంటే పదో తరగతి దాకా వదలదు.

కలెక్టర్ల నెలవారీ సమీక్షలో ఈ కార్యక్రమానికి ఒక వరుస కేటాయించాలి. అందులో ఎంతమందిని పరీక్షించారన్న అంకె ఆఖరున ఉంటే చాలు. తప్పినవారిలో ఎందరు డాక్టరు దాకా వెళ్లారు, ఎందరి చెవి నయమైంది, ఇచ్చిన మిషన్లలో ఈ నెల ఎన్ని పనిచేస్తున్నాయి అన్న మూడు అంకెలు ముందు ఉండాలి. ఏ మండలం నుంచి ఆ మూడూ రాకపోతే ఆ మండలంలో శిబిరాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.