పాత పుస్తకానికి రేటు కట్టినోడే దాన్ని బతికించాడు

ఫిలడెల్ఫియాలో డెలాన్సీ ప్లేస్ అని ఒక వీధి, గోడకి గోడ ఆనుకుని పాతకాలం ఇళ్ళు, అందులో 2008, 2010 నంబర్లు కలిపితే రోజెన్‌బాక్ మ్యూజియం. 2023లో తానా సభలకని ఆ ఊరెళ్ళిన మనోళ్ళు లిబర్టీ బెల్ దగ్గర ఫొటోలైతే చూపించారు గానీ ఈ ఇంటి ఊసెత్తినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

ఇది ఇద్దరు అన్నదమ్ముల ఇల్లు, ఇద్దరూ వ్యాపారులే. అసలు పాయింటే అది. తమ్ముడు ఏ.ఎస్.డబ్ల్యూ. రోజెన్‌బాక్ అరుదైన పుస్తకాలు కొని అమ్మేవాడు. 1924లో ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ చేత్తో రాసిన యులిసిస్ నవల ప్రతి వేలానికొస్తే 1,975 డాలర్లకి పట్టేశాడు, అంత చవగ్గా పోయిందని జాయిస్‌కి ఒళ్ళు మండి వెనక్కి కొంటానన్నా ఇవ్వలేదు, అదింకా ఆ ఇంట్లోనే ఉంది. అన్నదమ్ములు పోయాక 1970లో బ్రామ్ స్టోకర్ తన డ్రాక్యులా నవల కోసం రాసుకున్న నోట్స్ కూడా అక్కడికే చేరాయి, అందులో ఆయన పాత్ర పేరు ముందు కౌంట్ వాంపైర్ అని రాసి, కొట్టేసి, డ్రాక్యులా అని పెట్టాడు. ఆ కొట్టివేత చూడాలంటే అచ్చు పుస్తకం ఎందుకూ పనికిరాదు, ఆ కాయితమే కావాలి.

డబ్బున్న అమెరికావాళ్ళు ఇంగ్లండ్ సొత్తంతా ఎత్తుకుపోయారు కదా అంటారు. నిజమే, లూయిస్ కారల్ రాసిన ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ కథ రాతప్రతిని 1928లో 15,400 పౌండ్లకి తీసుకెళ్ళింది ఈ రోజెన్‌బాకే. అది మళ్ళీ 1946లో వేలానికొస్తే 50,000 డాలర్లకి పాడిందీ ఈయనే, అమెరికా పుస్తకప్రియులు చందాలేసుకుని 1948లో బ్రిటిష్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశారు. ఇంకేం కావాలి?

మన దగ్గర పుస్తకం అమ్మడమంటే పాపం, అటక మీద చెదలు పట్టిస్తే మాత్రం భక్తి. బ్రౌన్ దొర పండితులకి జీతాలిచ్చి ప్రతులు రాయించాడు కాబట్టే వేమన పద్యాలు అన్ని దక్కాయి, అదీ డబ్బు పనే.

మొన్న మా వీధిలో పాత పేపర్లవాడు కాటా మీద ఒక కట్ట పెట్టాడు, అట్టలు ముందే చింపేశాడు, అట్ట రేటు వేరంట. అందులో ఎవరిదో వీధి నాటకం నోట్‌బుక్కు, మార్జిన్లో పెన్సిల్‌తో రాగాల పేర్లు. ఎంతకిస్తావని అడిగేసరికి చూపు మారింది, వంద అన్నాడు, ఇచ్చాను. కవర్లో చుట్టి మరీ చేతిలో పెట్టాడు. నాలుగు రోజులాగి గేటు దగ్గరకొచ్చి, "సార్, చేత్తో రాసినవే కావాలా, అచ్చువైనా పర్లేదా" అన్నాడు.