గడగడా మాట్లాడితే మాట బాగైనట్టేనా?

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది: "పక్షవాతం వచ్చినవాళ్లు మళ్లీ గడగడా మాట్లాడుతున్నారంటే మాట పూర్తిగా వచ్చేసినట్టే. తర్వాత తడుముకుంటే అది మతిమరుపు, వయసుతో మామూలే. మీరే మాటలు అందించండి. ఆరు నెలల్లో రానిది ఇక రాదు." నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిలబడదు.

మిగతా తప్పులకు మూలం మొదటిదే. పక్షవాతం వంటివాటితో మెదడు దెబ్బతిని మాట దెబ్బతినడాన్ని అఫేసియా అంటారు. అది స్వల్పంగా ఉంటే చాలామందికి వాక్యం సాగిపోతూనే ఉంటుంది, కావలసిన పదమే వేళకు చిక్కదు. "తాళంచెవి ఇవ్వు" అనాల్సిన పెద్దాయన "అదే... తలుపుకి పెట్టి తిప్పుతామే... అదివ్వు" అంటారు. వినేవాళ్లకు ధారాళంగానే ఉంటుంది. ఎక్కాలు, వారాల పేర్లు, చిన్నప్పటి పద్యం తడబడకుండా అప్పజెప్పేస్తారు కూడా. అవి నోటికొచ్చినవి, పదం కోసం వెతుక్కోనక్కర్లేదు. "బాగానే ఉన్నారుగా" అని ఇంట్లోవాళ్లు మోసపోయేది ఇక్కడే. పరీక్షలూ మోసపోతాయి. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్షలో 100కి 93.8 దాటితే అఫేసియా లేనట్టే లెక్క. ఆ గీత దాటినా ఫోన్లో, నలుగురూ ఒకేసారి మాట్లాడేచోట, ఎవరైనా తొందరపెట్టినప్పుడు మాట అందనివాళ్లున్నారు. నిశ్శబ్దమైన గదిలో బొమ్మ చూసి పేరు చెప్పడం వేరు, పెళ్లి పందిట్లో చుట్టాలతో కబుర్లాడటం వేరు మరి.

ఇక మతిమరుపు. తాళంచెవి దేనికో, ఏ మేకుకి తగిలించారో ఆయనకు తెలుసు. మరిచిపోలేదు, పేరే నోటికి అందడం లేదు. "తా..." అని అందిస్తే చాలాసార్లు పదం బయటికొచ్చేస్తుంది.

అలాగైతే మాటలు అందిస్తే తప్పేమిటంటారా? ఆయన అడిగితే అందించండి. అడక్కుండా ప్రతి వాక్యం మనమే పూర్తిచేస్తే మెల్లగా మాట్లాడటమే మానేస్తారు. పైగా మనం పూర్తిచేసింది ఆయన అనబోయింది కాకపోవచ్చు.

తొలి నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుందన్నది నిజమే. కానీ 2017లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 150 మందికి పైగా రోగులను పరిశీలించారు. వారానికి కనీసం 10 గంటల చొప్పున మూడు వారాలు స్పీచ్ థెరపీ ఇస్తే రోజువారీ మాటల్లో మెరుగుదల కనిపించింది.

అన్నిటికన్నా ప్రమాదం "వయసుతో మామూలే" అన్న ముక్క. మొన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి మాట తడబడితే, అది మళ్లీ పక్షవాతం కావచ్చు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. రేపు చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.