పావు స్టారు పడిపోయింది, పట్టించుకునే నాథుడే లేడు

విశాఖపట్నంలో ఒక గోధుమ బీరు రేటింగ్ ఐదు స్టార్లకి మూడుముప్పావు నుంచి మూడున్నరకి పడిపోయింది. పోర్టు ఉన్న ఊరు, నేవీ ఉన్న ఊరు, ఉక్కు కరిగించే ఊరు. ఇంత జరిగినా ఒక్కరూ రోడ్డెక్కలేదు. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఎదురుగా గాంధీ విగ్రహం దగ్గర ప్రతి సమస్యకీ ధర్నా జరుగుతుంది. దీనికి మాత్రం జరగలేదు. గాంధీగారి ముందు బీరు గురించి నినాదాలంటే బాగోదనుకున్నారేమో, ఆ మాత్రం మర్యాద మనవాళ్లకి ఉంది.

పావు స్టారే కదా అని తీసిపారేసేవాళ్లకి చరిత్ర తెలియదు. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో దొరకడమే ఐదు స్టార్లు. మళ్లీ 2019 అక్టోబర్ నుంచి ఐదేళ్లు షాపులన్నీ ప్రభుత్వమే నడిపింది. అప్పుడు మనం పుట్టి బుద్ధెరిగాక వినని పేర్లతో సీసాలు వచ్చాయి. కౌంటర్లో డబ్బులు పెడితే లోపలాయన చేతికి ఏది తగిలితే అది ఇచ్చేవాడు, మనం దండం పెట్టి తెచ్చుకునేవాళ్లం. నురగ నిలిచిందా, రంగు తేరిందా అని అడిగే ధైర్యం ఎవరికుంది? 2024 అక్టోబర్లో లాటరీ తీసి 3,396 షాపులు ప్రైవేటువాళ్ల చేతికిచ్చారు. ఎంచుకునే వీలు తిరిగొచ్చింది. వచ్చిన మర్నాటికే ప్రతివాడికీ కొత్త నాలుక మొలిచింది. అంతవరకు బీరంటే రెండే ప్రశ్నలు: లైటా, స్ట్రాంగా? ఇప్పుడు అదే మనిషి ఊళ్లోనే తయారయ్యే క్రాఫ్ట్ బీరు ముందు కూర్చుని, ఇందులో నిమ్మజాతి వాసన వెనకనుంచి వస్తోందా ముందునుంచి వస్తోందా అని కళ్లు మూసుకుంటున్నాడు.

ఈ కృషిని దగ్గరగా చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు వైపు ఏ బ్రూవరీకైనా వెళ్లండి. చెక్కపలక మీద గుంటల్లో చిన్న చిన్న గ్లాసులు, ఆరు రకాలు. టేబుల్ పెద్ద రుషికొండ ఐటీ హిల్‌లో పనిచేసే బావ. మొదటి గ్లాసు ఎత్తి దీపానికి అడ్డం పెడతాడు. దీపం ఊదారంగులో ఉంటుంది, పాట మారినప్పుడల్లా ఆకుపచ్చగా మారుతుంది. అయినా బీరు రంగు తేలుస్తాడు. తర్వాత ముక్కు గ్లాసులో పెడతాడు. పక్కనే ప్లేటులో అపోలో ఫిష్, దానిమీద వేయించిన కరివేపాకు గుప్పెడు. "హెర్బల్ నోట్స్ బావున్నాయిరా" అంటాడు. ఆరు గ్లాసుల్లోనూ అవే నోట్స్ దొరుకుతాయి.

అదే టేబుల్ దగ్గర స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మావయ్య ఉంటాడు. ఆయన తన గ్లాసు రెండు గుక్కల్లో ఖాళీ చేస్తాడు. మింగాక నోట్లో మిగిలే రుచిని బావ ఫినిష్ అంటాడు.

"ఫినిష్ ఎలా ఉంది మావయ్యా?"

"అయిపోయింది కదరా. ఇంకోటి చెప్పు."

ఈ తీర్పు ఎక్కడా నమోదు కాదు. అందులో దశాంశాలు లేవు.

ఇప్పుడు ఫిర్యాదుల సంగతి. గోధుమ బీరు మసగ్గా ఉంది, సరిగ్గా వడకట్టలేదు అంటూ ఒకాయన రెండు స్టార్లిచ్చాడు. జర్మన్ పద్ధతి గోధుమ బీరు మామూలుగా వడకట్టరు, మసగ్గా ఉండటమే దాని లక్షణం. ఇంకొకాయన అరటిపండు ఎసెన్స్ కలిపారని కల్తీ కేసు స్థాయిలో మండిపడ్డాడు. అందులో అరటిపండూ లేదు, ఎసెన్సూ లేదు. పులియబెట్టే ఈస్టే ఆ వాసన పుట్టిస్తుంది, దానికి ఐసోఅమైల్ అసిటేట్ అని పేరు కూడా ఉంది. స్టౌట్ మాడిపోయిందట. నల్లగా వేయించిన బార్లీతో చేసేది మాడు వాసన రాకుండా మల్లెపూల వాసన వస్తుందా? చేదే గుణంగా చేసే ఐపీఏ అనే బీరు చేదుగా ఉందట. గ్లాసు పైన రెండు వేళ్ల మందాన నురగ ఉంది, అది మోసమని, తూనికలు కొలతలవాళ్లని పిలవాలని ఒకరి డిమాండు. అంటే బ్రూవర్ ఏ పని సరిగ్గా చేశాడో సరిగ్గా ఆ పనికే స్టార్లు కోసేశారు.

ఇది సగమే. తప్పు జరిగిన రోజు చూడాలి. పులిసే దశలో ఈస్ట్ డైఅసిటైల్ అనే పదార్థాన్ని వదులుతుంది. నాలుగు రోజులు ఆగితే తిరిగి అదే మింగేస్తుంది కూడా. తొందరపడి బీరు దింపేస్తే గ్లాసులో వెన్న వాసన మిగిలిపోతుంది. లాగర్ అనే మామూలు తేట బీరులో అది చాలావరకు దోషమే. మన బావ దానికి నాలుగున్నర ఇచ్చి "బటరీ, స్మూత్" అని రాశాడు. మరగబెట్టేటప్పుడు ఆవిరి సరిగ్గా బయటికి పోకపోతే ఉడికిన మొక్కజొన్న వాసన మిగులుతుంది, అదీ దోషమే. దానికి "ఆర్కే బీచ్ గుర్తొచ్చింది" అంటూ నాలుగుముప్పావు. పాపం ఆ బ్రూవర్ వెనక గదిలో తల పట్టుకుని కూర్చుంటే, మేనేజరు వచ్చి భుజం తట్టి, ఈ బ్యాచ్ ఎలా చేశావో అలాగే మళ్లీ చెయ్యి అంటాడు.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోవద్దు. రేటింగులు ఉండాలి. కాకపోతే ఎవరి మార్కుల విధానం ఏమిటో తెలియాలి. అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే సంస్థ బీరు న్యాయనిర్ణేతలకి శిక్షణ ఇస్తుంది. వాళ్ల పేపరు 50 మార్కులకి. వాసనకి 12, కనిపించే తీరుకి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకి 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. మనవాళ్లదీ పేపరే. పార్కింగుకి 15, ఏసీకి 15, వెయిటర్ అన్నా అంటే పలికాడా లేదా అన్నదానికి 10, బిల్లు ఎవరు కట్టారన్నదానికి మిగిలిన 10. బీరు ఐచ్ఛికాంశం. మే నెలలో మన ఊరి ఉక్కపోతకి చల్లగా ఉన్నదేదైనా పాసైపోతుంది, గ్రేస్ మార్కులు వేరే.

ఇదంతా నవ్వులాటలాగే ఉంటుంది, లాగర్ గతి చూసేవరకు. లాగర్ పది డిగ్రీల చుట్టుపక్కల నెమ్మదిగా పులుస్తుంది. ఆ తర్వాత సున్నాకి దగ్గర చలిలో వారాల తరబడి కూర్చోవాలి. అన్నాళ్లూ ట్యాంకు ఖాళీ అవ్వదు, చిల్లర్ తిరుగుతూనే ఉంటుంది, వైజాగ్ ఎండల్లో కరెంటు బిల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అందులో ఏ లోపమూ దాచడానికి వీల్లేదు, మామిడి గుజ్జూ కాఫీ గింజా అడ్డం రావు. ఇంతా చేస్తే దానికొచ్చేది మూడుంపావు, పక్కన "మామూలుగా ఉంది" అని వ్యాఖ్య. రెండు మూడు వారాల్లో తయారై, పండూ మసాలా దట్టించుకున్న ఘాటైన ఏల్‌కి, అంటే వెచ్చగా త్వరగా పులిసే రకానికి, నాలుగు పైనే. లోకమంతా ఇదే తీరు. బీరు రేటింగుల పైవరసలో ఎక్కువగా ఉండేవి చిక్కటి ఘాటైన స్టౌట్లూ మసక ఐపీఏలూ. జనం నిజంగా తాగేదీ, రెండోసారి అడిగేదీ మాత్రం అడుగునెక్కడో ఉంటుంది. ట్యాంకులు నాలుగే ఉన్న బ్రూవరీ లెక్క చూసుకుంటుంది కదా. లాగర్ ట్యాంకు కడిగి అందులో జామపండు పోస్తుంది. వచ్చే నెల మావయ్య వచ్చి మామూలు బీరుంటే ఇవ్వమంటే, లేదు సార్, గులాబీ రంగుది ఉంది అంటారు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది గోజె. జర్మనీలో గోస్లర్ అనే ఊళ్లో పుట్టి లైప్‌జిగ్‌లో పెరిగిన గోధుమ బీరు అది. పుల్లగా ఉంటుంది, ఉప్పు వేస్తారు, ధనియాలు వేస్తారు. పులుపు, ఉప్పు, ధనియాలు. అంటే పుట్టినప్పటినుంచి మనం రోజూ జుర్రుకునే చారులాంటిదే, మిరియాలొక్కటే తక్కువ. ఏ బ్రూవరీ అయినా దీన్ని విశాఖలో పోస్తే తెలుగువాడు లేచి నిలబడి ఐదు స్టార్లివ్వాలి. "పులిసిపోయింది, ఉప్పు ఎక్కువైంది" అని ఒకటిచ్చి, ఇంటికెళ్లి చారన్నం తిని పడుకుంటాడు.

కాబట్టి ప్రభుత్వానికి ఒక సూచన. ఈ స్టార్లు మన ఊరికి పడవు. మనకి పోర్టు ఉంది, తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది, ఒకటి నుంచి 11 వరకు ప్రమాద హెచ్చరికలున్నాయి. చిన్నపిల్లలకి కూడా వాటి అర్థం తెలుసు. బీర్లకీ అవే పెడితే సరిపోతుంది. ఒకటో నంబరంటే ఎక్కడో నడిసముద్రంలో ఏదో ఉంది, మనకేం కాదు, లైట్ బీరు. మూడో నంబరు ఎగరేస్తే గాలి మన దాకా వచ్చినట్టు, మంచింగ్ దగ్గరికి లాక్కోవాలి. ఎనిమిది, తొమ్మిది నంబర్లకి తుఫాను పోర్టుకి ఒక పక్కనుంచి దాటుతుందని అర్థం. అప్పుడు ప్రమాదం మీకు కాదు, పక్క కుర్చీలో ఉన్నాయనకి. అతను ఎటు ఒరుగుతున్నాడో చూసి ఆ వైపు పట్టుకోవాలి. పదో నంబరంటే నేరుగా మన మీదనుంచే, కారు తాళాలు వెయిటర్‌కి అప్పగించెయ్యాలి. ఇక 11. పోర్టు భాషలో హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని అర్థం. టేబుల్ మీద ఫోను మోగుతుంటుంది, పేరు కనిపిస్తుంటుంది, ఎత్తే దమ్ము ఎవరికీ ఉండదు. ఆ నంబరు ఎగరేసిన క్షణం నుంచి రేటింగ్ ఇచ్చే అధికారం ఇంట్లోవాళ్లకి బదిలీ అయినట్టు జీవో తేవాలి. వాళ్లు పావులూ ముప్పావులూ చూడరు.