సిల్వర్ పెయింట్ వారికి వంటశాల విన్నపం

మహారాజశ్రీ సిల్వర్ పెయింట్ గారికి, హన్మకొండలోని ఒక ఫంక్షన్ హాలు వంటమనిషి నమస్కరించి వ్రాయునది.

ఏటా దసరాకు ముందు తమరు మా పొగగొట్టం మీదికి వేంచేస్తారు. బయటి రేకు తళతళలాడుతూ ఆయుధపూజకు పసుపు కుంకుమలు దిద్దించుకుంటుంది, మా సేటు దాన్ని రోడ్డు అవతల నిలబడి చూసి మురిసిపోతారు. లోపలి స్టీలు గొట్టం తమరి పరిధిలో లేదు గనుక ఎవరి పరిధిలోనూ లేదు.

అయ్యా, ఆ గొట్టాన్ని తినేది బయటి వాన కన్నా లోపలి చెమ్మ. కట్టె పచ్చిదైతే మంట వేడిలో కొంత దానిలోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. చల్లబడ్డ పొగ చల్లని గోడను తాకగానే ఆ ఆవిరి నీరై, పొగలోని ఆమ్లాలను కలుపుకుని మసిలో ఇంకిపోతుంది. పైగా మా కుర్రాళ్లు పొయ్యి రాజేయడానికి ఎన్నికల ఫ్లెక్సీలు చింపి వేస్తారు. అది పీవీసీ ప్లాస్టిక్ కాబట్టి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటు వాయువు పుడుతుంది, నాయకుడి నవ్వు కాలిపోయినా ఆ వాయువులోని క్లోరైడు గొట్టంలో మిగులుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొరను క్లోరైడు అక్కడక్కడా ఛేదించి గుంటలు తవ్వుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉన్న 316 రకం మెరుగ్గా తట్టుకుంటుంది గాని, ధర వినగానే సేటు తమరి డబ్బానే తెప్పించారు.

ఇక ఆషాఢం. పెళ్లిళ్లు లేవు, పొయ్యి చల్లారింది, పైన టోపీ లేదు. వాన నీటితో తడిసిన మసి నెలంతా గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంది. మొన్న అడుగు మూత విప్పితే అతుకు పొడవునా గుండుసూది మొనంత బెజ్జాలు కనిపించాయి. స్క్రూడ్రైవరు తాకించగానే ఒక బెజ్జంలో వేలు పట్టింది. బయట మాత్రం తమరి మెరుపు చెక్కుచెదరలేదు, అభినందనలు.

అందుచేత కొత్త ఏర్పాట్లు మనవి చేస్తున్నాను. తేమ 20 శాతం లోపుండే ఎండు కట్టెలే వాడతాం. కొత్త గొట్టం గోడ వేడిగా ఉండేలా దాని చుట్టూ రాక్‌వూల్ (వేడిని బయటికి పోనివ్వని రాతి ఉన్ని) చుట్టి, పైన టోపీ పెడతాం. చివరి ముహూర్తం కాగానే మసి దులుపుతాం, అదీ ఇనుప తీగల బ్రష్షుతో కాదు, దాని రవ్వలు స్టీలుకు అంటుకుని అవే తుప్పు పడతాయి గనుక. ఇవన్నీ అయ్యాకే, బయటి రేకుకు మాత్రమే, తమరి డబ్బా మూత తీస్తాం.

ఇట్లు,
పొగ పీలుస్తున్న విధేయుడు