జాకెట్ బరువు 180 గ్రాములు

కొండల్లో పరుగెత్తే మా మిత్రబృందంలో ఈమధ్య త్రాసు లేనివాడికి గౌరవం లేదు. ట్రైల్ రన్నింగులో బరువు కీలకమని ఎవరో చెప్పారు. నిజమే, ఎక్కుడులో ప్రతి కేజీనీ మోయాల్సింది మన కాళ్లే. ఆ సూత్రాన్ని మావాళ్లు ఒంటికి తప్ప అన్నిటికీ వర్తింపజేశారు.

అనంతగిరి గుట్టల దగ్గర తెల్లారకముందే ఒక పెద్దమనిషి కారు బానెట్ మీద వంటింటి డిజిటల్ త్రాసు పెట్టాడు. విజిల్ తూచాడు, పక్కన పెట్టేశాడు. టార్చిలైటు తూచి, 'ఎలాగూ తెల్లారిపోతుంది కదా' అంటూ సీట్లోకి విసిరాడు. ఎనర్జీ జెల్ ప్యాకెట్ల అంచులు కత్తెరతో కత్తిరించి, ఆ ముక్కల్నీ తూచాడు. ఎంత ఆదా అయిందో ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. చివరికి వాన జాకెట్ వంతు వచ్చింది, 180 గ్రాములు. అప్పడగడానికొచ్చిన బావమరిదిని చూసినట్టు దాన్ని చూసి, డిక్కీలో పడేశాడు. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ ఆయన పొట్ట బానెట్‌కి ఆనుకునే ఉంది. దాన్ని తూచే ప్రసక్తే రాలేదు.

వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే లెక్క) ఎంతని మావాళ్లని అడగండి, వాచీ చూసి ఠక్కున చెబుతారు. దిగుడు సంగతి మాత్రం అడక్కండి. కొండ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువుకి బ్రేకులు వేయాలి. ఆ పని వాటికి అలవాటు లేకపోతే, ఊపిరి ఎంత గట్టిదైనా మర్నాడు మెట్ల దగ్గర గోడ పట్టుకోవాల్సిందే. అలిపిరి మెట్లు దిగొచ్చిన ఏ అత్తయ్యనడిగినా చెబుతుంది.

ఇక ఒంటి వేడి. అది ఎవరి లెక్కలోనూ లేదు. 2021 మే 22న చైనాలోని గాన్సూలో 100 కిలోమీటర్ల కొండ పరుగుకి 172 మంది బయల్దేరారు, చాలామంది నిక్కర్లు, పల్చటి టీషర్టులతోనే. మధ్యాహ్నానికి వడగళ్లు, గడ్డకట్టే వాన, ఈడ్చికొట్టే గాలి. తడిసి, అలిసిపోయిన ఒళ్లు 35 డిగ్రీల కిందికి జారితే కాళ్లతోపాటు బుర్ర కూడా మొరాయిస్తుంది. 21 మంది చచ్చిపోయారు. వాళ్లలో లియాంగ్ జింగ్ ఉన్నాడు, ఆ దేశంలో పేరుమోసిన అల్ట్రా రన్నర్, అంటే మారథాన్‌ని మించిన దూరాలు పరుగెత్తేవాడు. ఆయన ఊపిరితిత్తులకేం తక్కువ? ఆరుగురిని కాపాడింది ఒక గొర్రెల కాపరి, గుహలో మంట వేసి, దుప్పట్లు కప్పి.

ఆ రేసులో జాకెట్ తప్పనిసరి కాదట! తెచ్చుకుంటే మంచిదన్నారట! సిగ్గుండాలి. ఛాతీకి నంబర్లు అంటించి, మనుషుల్ని కొండెక్కించి, 'తెచ్చుకుంటే మంచిది' అంటారా? 'జాకెట్ లేనిదే స్టార్ట్ లేదు' అన్న ఒక్క లైను రాయలేకపోయిన నిర్వాహకులకి ఏ శారీరక సామర్థ్యం లోపించిందో, వీలైతే ఏదైనా ల్యాబులో పరీక్షించి చెప్పండి.